కల్యాణానికని చెరిపేసిన వీడియోలు

ముందు ఇట్లా వచ్చి కూర్చో. ఆ గడప మీద కాదు, మంచం మీద కూర్చుని సరిగ్గా విను. ఒక చెవి నా వైపు, ఒక చెవి వీధి వైపు పెట్టి రాస్తే సగం పోతుంది. పోయిన సగం నాకు మళ్ళీ గుర్తురాదు. నా యాస తీసేసి పుస్తకంలో ఉన్నట్టు రాస్తానన్నావు, సరే, నీ ఇష్టం. కాని మనుషులు మాట్లాడిన మాట మాత్రం మార్చకు. ఎవరు ఎట్లా అన్నారో అట్లాగే ఉండాలి.

నేను చెప్పబోయేది భద్రాచలంలో ఫోన్లు బాగుచేసే ఒకామె గురించి. ఆమెను నేను చూసింది ఒక్క పూట. పేరు కూడా అడగలేదు. మధిర దగ్గర మా పుట్టింట్లో ఉన్నప్పుడు ఎడ్లకు నాడాలు కొట్టే ముసలాయన ఉండేవాడు. ఎద్దును పడేసే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎట్లా నిలబడుతుందో చూసి, తర్వాతే తాడు తీసేవాడు. అంత ఓపికగా పని చేసే మనిషిని మళ్ళీ ఆమె దగ్గరే చూశాను. అందుకే రాయమంటున్నాను.

ముందు నా ఫోను సంగతి. నా కొడుకు, అదే మీ నాన్న, కొత్తది కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టాడు. ములకలపల్లి దాటి అడవి అంచున ఉండే మన ఊళ్ళో సిగ్నల్ నీళ్ళ ట్యాంకు దగ్గరే వస్తుందని నీకు తెలుసు, చదివేవాళ్ళకు తెలియదు, అదీ రాయి. ఎదురింటామె గురించి కూడా రాయి. కోయవాళ్ళు, ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడుకుంటారు. మొగుడూ పెళ్ళాం కూలికి పోతారు, ఎండలు ముదిరితే ఇప్పపువ్వు ఏరుకొస్తారు. ఆమె దగ్గర బొత్తాల ఫోను తప్ప వేరేది లేదు. నన్ను పెద్దమ్మా అంటుంది, ఆమె బిడ్డ నన్ను అమ్మమ్మా అంటుంది. అప్పటికి ఆ పిల్ల నాలుగో తరగతి.

ఆ పిల్లకు ఫిట్స్ వచ్చేవి. నెలకు ఒకసారి, ఒక్కో నెల రెండు మూడుసార్లు. వాళ్ళ పెద్దలు చేయవలసిన కొలుపు చేశారు, తాయెత్తు కట్టారు, ఆకుపసరు పోశారు. ఆ తర్వాత తల్లి భద్రాచలం తీసుకుపోయింది. అక్కడ ఒక దవాఖానాకు నెలకొక రోజు నరాల డాక్టరమ్మ వస్తుంది. ఆ డాక్టరమ్మ, ముందు ఏ చెయ్యి కొట్టుకుంటుంది, కళ్ళు ఎటు తిరుగుతాయి, ఎంతసేపు ఉంటుంది అని అడిగిందట. వీళ్ళకు ఒక్కటీ తెలియదు. పిల్ల పడిపోతే పిల్లను పట్టుకుంటారా, గడియారం చూస్తారా? నోటితో చెబితే తేలదు, ఈసారి వచ్చినప్పుడు ఫోనులో తీసి పట్టుకురండి, దాన్ని బట్టే మందు నిర్ణయిస్తాను అని చెప్పి పంపింది.

తల్లి వచ్చి నాకు చెప్పింది. పిల్లను ఆమె పట్టుకోవాలి, ఫోను నేను పట్టుకోవాలి. అట్లా ఒప్పందం చేసుకున్నాం. చెప్పడానికి తేలికే. మొదటిసారి నా చెయ్యి వణికి నేలా పైకప్పూ తప్ప ఏమీ రాలేదు. అది పనికిరాదని అప్పుడే తీసేశాం. తర్వాత రెండుసార్లు తీశాను, రెండూ సగంలో నుంచే. నేను వీధి దాటి పోయేసరికి పిల్ల అప్పటికే నేల మీద ఉండేది. చుట్టూ చేరినవాళ్ళలో ఒకామె అన్నది కూడా, "పిల్ల పడి కొట్టుకుంటాంటే ఈ ముసలామెకు సినిమా కావాల్నట." నేను మాట్లాడలేదు. మాట్లాడితే చెయ్యి కదులుతుంది.

దాచిన వాటిలో మూడోది మాత్రం అనుకోకుండా దొరికింది. ఇప్పపువ్వు రోజులు. వాళ్ళ వాకిట్లో చాపల మీద పువ్వు ఎండబోసి ఉంది. పిల్ల చాప పక్కన కూర్చుని పువ్వులో పుల్లా పుడకా ఏరుతున్నది. నన్ను చూసి, "అమ్మమ్మా, నన్ను తియ్యి" అన్నది. సరదాకు తీయడం మొదలుపెట్టాను. నవ్వుతూ నాకో పువ్వు చూపించింది. ఆ పువ్వు చేతిలోంచి జారింది. ఎడమచేతి వేళ్ళు ఒకటొకటే వంకర పోయాయి, తర్వాత మోచెయ్యి, తర్వాత మెడ అటు తిరిగింది. తల్లి పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. నేను ఆపకుండా తీశాను. ఆ వీడియోలో మొదటి నుంచి చివరిదాకా ఉంది.

ఇది డాక్టరుకు సరిపోతుందా అని మీ నాన్నను అడుగుదామని ట్యాంకు దగ్గరకు వెళ్ళి, మెసేజీలు పంపుకునే ఆ పచ్చ గుర్తు నొక్కి పంపాను. గుండ్రంగా తిరిగింది, తిరిగింది, చివరికి పక్కన ఒక బాణం గుర్తు వచ్చి ఆగిపోయింది. పోలేదన్నమాట. ఎండ మండుతున్నది, విసుగొచ్చి ఇంటికి వచ్చేశాను. మళ్ళీ దాని మాటే మరిచిపోయాను. ఇది గుర్తు పెట్టుకో, మళ్ళీ వస్తుంది.

తర్వాత మూడు వారాలు పిల్లకు ఏమీ రాలేదు. శ్రీరామనవమి వచ్చింది. ఏటా కల్యాణానికి పోతాను కదా, ఈసారి పిల్ల పేరు మీద మొక్కుకున్నాను. తలంబ్రాలు తెచ్చి దాని నెత్తిన వేస్తాను, ఇంక ఈ బాధ రాకుండా చూడు స్వామీ అని. ముందు రోజు ఇల్లు కడిగాను, గడపలకు పసుపు రాశాను, దేవుడి పటాలు తుడిచాను. రేపు కల్యాణం వీడియో తీద్దామని ఫోను తెరిస్తే, జాగా లేదు, ఏదైనా తీసెయ్యి అన్నది. సరే, దీన్ని కూడా కడుగుదామని కూర్చున్నాను. పొద్దున పూట పంపే పూలబొమ్మలు తీసేశాను. ఎవరెవరి పుట్టినరోజు కేకులో తీసేశాను. చివరికి ఆ మూడు వీడియోల దగ్గరకు వచ్చాను.

ఇక్కడ ఆగి విను. నేను మరిచిపోయి తీసెయ్యలేదు. పొరపాటున వేలు తగిలీ తీసెయ్యలేదు. తెలిసి, ఆలోచించి తీసేశాను. దేవుడి పెళ్ళి తీసే ఫోనులో పిల్ల కొట్టుకునే బొమ్మ పక్కనే ఉండడం ఏం శుభం అనుకున్నాను. అట్లాంటిది దాచిపెట్టుకుంటే మళ్ళీ పిలిచినట్టే అనుకున్నాను. తలంబ్రాలు నెత్తిన పడ్డాక ఆ బాధే ఉండదు, బాధే లేనప్పుడు వీడియో ఎందుకు? ఇదీ నా లెక్క. ఆ పిల్ల మీద ప్రేమతోనే చేశాను.

ఫోను ఇంకో మాట కూడా చెప్పింది. ఇవి చెత్తబుట్టలో ముప్పై రోజులు ఉంటాయి అని. ముప్పై రోజులు ఇంట్లో చెత్త పెట్టుకుంటామా? దీపం పెట్టే వేళకు చెత్త బయట పొయ్యాలని మా అత్తగారు నేర్పింది. ఆ బుట్ట కూడా ఖాళీ చేసి, అప్పుడు దీపం పెట్టాను.

కల్యాణం బాగా జరిగింది. గంటసేపు వీడియో తీశాను. ముందు కూర్చున్న ఆయన నెత్తి మీది తువ్వాలు బాగా వచ్చింది, సీతారాములు ఆ తువ్వాలు అంచున కాస్త కనిపిస్తారు. తలంబ్రాలు కొంగున కట్టుకొచ్చి పిల్ల నెత్తిన వేశాను. తల్లి సంతోషపడింది. మూడో రోజు సాయంత్రం వచ్చి అన్నది, "రేపు దవాఖానాకు పోతన్నం పెద్దమ్మా. నువ్వు గూడ రావాలె. గా వీడియోలు ఒకసారి చూపియ్యవా, నేను ధైర్యం తెచ్చుకుంట."

ఆమె ఎప్పుడూ వాటిని చూడలేదు. చూడలేనని చెప్పేది.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దాచి ఏం లాభం? ఆమె అరవలేదు. అరుగు మీద కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. తర్వాత అన్నది.

"పోతే పోయినయ్ పెద్దమ్మా. మళ్ళ తీద్దమంటే పిల్లకు మళ్ళ రావాలె గద. గది రావాలని నేనెట్ల మొక్కుత?"

ఆ రాత్రి మళ్ళీ లెక్క వేసుకున్నాను. రేపు చూపించకపోతే మళ్ళీ డాక్టరమ్మ వచ్చేది నెలకు. ఈలోపు వీడియో కావాలంటే పిల్ల మళ్ళీ పడాలి. పడకూడదని మొక్కిన నోటితోనే నేను ఆ పని చేశాను.

తెల్లవారి మొదటి బస్సుకు ముగ్గురం బయలుదేరాం. పాల్వంచలో మారి, గోదావరి వంతెన దాటి దిగాం. డాక్టరమ్మ వచ్చేది పదకొండింటికి. దిగిన చోటే ఫోన్ల కొట్టు ఏదని అడిగితే బస్టాండు పక్క సందులో ఒకటి చూపించారు. ఇరుకు కొట్టు. ఒక పక్క జిరాక్సు మిషను, ఒక పక్క బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, దీపం, భూతద్దం. బల్ల వెనక ముప్పై అయిదేళ్ళ ఆడమనిషి, జుట్టు ముడి వేసుకుని, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని కూర్చుని ఉంది.

నేను ఫోను చాపాను. ఆమె తీసుకోలేదు. అక్కడే నాకు ఆమె మీద మొదటిసారి గురి కుదిరింది. చెయ్యి చాపగానే లాక్కుని నొక్కడం మొదలుపెట్టే మనిషి కాదు. ముందు కూర్చోమన్నది, పిల్లకు నీళ్ళిచ్చింది. ఒక కాగితం తీసుకుని, ఏం పోయింది, ఎప్పుడు పోయింది, చెరిపినాక ఈ ఫోనులో ఏమేం చేశావు, వరసగా చెప్పు అన్నది. ఫోను మాత్రం నా చేతనే విమానం గుర్తు నొక్కించి బల్ల మీద పెట్టించింది. దాంతో బయటి నుంచి ఏదీ వచ్చి లోపల పడదట.

నేను అంతా చెప్పి కల్యాణం సంగతి మాత్రం దాటవేశాను. సిగ్గేసింది. ఆమె కాగితం చూసి, చెరిపినాక ఇన్ని రోజుల్లో ఏమీ తీయలేదా అని మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పాను. నవ్వలేదు. గంటసేపు అని రాసుకుని, కింద గీత గీసింది.

"చెరిపిన అంటే ముందుగాల దాని పేరు కొట్టేసినట్టు పెద్దమ్మా. గా జాగ ఖాళీ అని ఫోను అనుకుంటది. మళ్ళ ఏదన్న తీస్తే గా జాగలనే పోసుకుంటది. అందుకే చెరిపినంక ఫోను ముట్టొద్దు."

నాకు టక్కున అర్థమయింది. కొత్తగా కాపురానికొచ్చిన ఏడు వాగు పొంగి మన చేలో మోకాలెత్తు ఇసుక మేట వేసింది. హద్దురాళ్ళు కనిపించలేదు. పక్కచేను ఆయన నాగలి కడతానంటే మా మామగారు కాళ్ళకు అడ్డం పడ్డాడు. రాయి ఎక్కడికీ పోలేదు, ఇసుక కింద ఉంది, దొరికేదాకా ఎవరూ నాగలి పెట్టకండి అని పారతో మెల్లగా తీయించాడు. అవి దొరికాయి కూడా. అంత తెలిసినదాన్ని, నేనే గంటసేపు నాగలి తోలి వచ్చాను.

ఆ సంగతి చెబితే ఆమె తల ఊపింది. కాని ఆశ పెట్టలేదు. అదీ నాకు నచ్చింది.

"ఇప్పటి ఫోన్లల్ల లోపలి జాగకు తాళమేసి ఉంటది. చెత్తబుట్ట గూడ ఖాళీ చేసినంక, అండ్లకెంచి తీసిస్తనని ఎవరన్న అంటే నమ్మొద్దు. ఏదో యాప్ ఏస్తరు, గది పోయి ఉన్న జాగల గూడ కూసుంటది. పోయినయ్ తెస్తనని నేను చెప్ప. ఎక్కడన్న ఉన్నయేమో ఎతుకుత."

ఎదురింటామె నా పక్కన కూర్చుని ఉంది. పిల్ల ఆమె భుజం మీద కునుకు తీస్తున్నది. పిల్ల కదిలితే వాళ్ళ భాషలో ఏదో మెల్లగా అన్నది. బల్ల వెనకామె చటుక్కున తలెత్తి అదే భాషలో పలికింది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కాని మా ఎదురింటామె భుజాలు దిగడం చూశాను. ఏమడిగిందే అంటే, తర్వాత బస్సులో చెప్పింది. పిల్ల వీడియో వెతకాలంటే ఫోను లోపలంతా చూడాల్సి వస్తుంది, దొరికితే పిల్ల అవస్థ తన కంట పడుతుంది, నీకు సమ్మతమేనా అని అడిగిందట. ఫోను నాది. అయినా నన్ను కాదు, తల్లిని అడిగింది.

జిరాక్సుల కోసం ఇద్దరు మగవాళ్ళు నిలబడి తొంగిచూస్తుంటే, కాసేపు టీ తాగి రమ్మని పంపేసింది. అప్పుడు కళ్ళద్దాలు దించుకుని ఫోను చేతిలోకి తీసుకుంది. ఒక్కో అర తెరిచినట్టు తెరిచింది. ఎక్కడ చూసిందో ఆ కాగితం మీద రాసి, లేకపోతే కొట్టేసింది. బొమ్మలున్న చోట లేదు. బుట్టలో లేదు. నెట్టులో ఏమైనా దాచిపెట్టారా అని చూసింది, మన ఊళ్ళో సిగ్నల్ ఏది, అక్కడా లేదు. కాగితం మీద కొట్టివేతలు పెరుగుతున్నకొద్దీ నేను గోడ గడియారం వైపు చూడడం మానేశాను.

"గీ వీడియోలు ఎవలకన్న పంపినవా?" అని అడిగింది.

"లేదు బిడ్డా, పోలేదు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "పంపలేదా, పోలేదా? గవి రెండు వేరు పెద్దమ్మా."

అప్పుడు గుర్తొచ్చింది ట్యాంకూ, ఎండా, ఆ బాణం గుర్తూ. "పంపిన. పోలేదు."

ఆమె మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. పచ్చ గుర్తుకు సంబంధించిన అరలు ఒకదానిలోంచి ఒకటి తెరుచుకుంటూ పోయింది. చివరి అరలో ఒకే ఒక్క చిన్న బొమ్మ ఉంది. చాప, దాని మీద పసుపుపచ్చని పువ్వు. వేలి గోరంత.

"పంపేటప్పుడు గిది తన కోసం ఒక నకలు చేసుకుంటది. చిన్నగ, కొంచెం మసకగ. ఫోటోలల్ల అగుపడదు. నువ్వు ఇల్లంత ఊడ్చినవ్ గాని, నీ చీపురు గక్కడిదాంక పోలే" అన్నది. అంతసేపట్లో ఆమె నవ్వింది అప్పుడే.

ఆమె దాన్ని నొక్కలేదు. తెర తల్లి వైపు తిప్పి, నీ చేతనే తెరువు, అవునో కాదో చూసుకో అన్నది. ఎప్పుడూ చూడనన్న మనిషి చూసింది. ముందు పిల్ల నవ్వు వినిపించింది, తర్వాత నా గొంతు. వేళ్ళు వంకర పోయే చోటికి వచ్చేసరికి ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం భుజం మీద నిద్రపోతున్న పిల్ల ఎడమచేతిని వెతుక్కుని పట్టుకుంది. చివరిదాకా చూసి, "అవ్, గిదే" అన్నది.

మిగతా రెండూ రావు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు అని ఆమె అప్పుడే చెప్పేసింది. ఈ ఒక్కదాన్నీ చిన్న మెమరీ కార్డులోకి ఎక్కించింది. తన కంప్యూటరులో మాత్రం ఉంచుకోలేదు, చెరిపేసి మాకు చూపించింది. కార్డు కాగితంలో మడిచి, పైన పిల్ల పేరూ, ఏ రోజు తీసిందీ రాసింది. నేను చెయ్యి చాపాను. ఆమె నన్ను దాటి తల్లి చేతిలో పెట్టింది.

"ఫోను నీది పెద్దమ్మా, పిల్ల ఆమెది" అన్నది.

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ నీకు చెప్పేదాన్ని కాదు.

డాక్టరమ్మ ఆ వీడియో మూడుసార్లు చూసింది. మూడోసారి వేళ్ళ దగ్గర ఆపి, ఎడమచేతి చిటికెన వేలు చూపించి, ఇక్కడ మొదలవుతున్నది అని చెప్పింది. ఒక వైపు నుంచి మొదలయ్యే రకానికి మందు వేరట. వాడుతున్న బిళ్ళలు మార్చి, ఖమ్మంలో తల పరీక్ష ఒకటి చేయించమని రాసింది. ఎంతసేపు ఉంది అని అడిగితే ఈసారి తల్లి తడుముకోకుండా చెప్పింది.

తిరిగి బస్సెక్కే ముందు ఆ కొట్టు దగ్గర ఆగాం. ఆమె ఇంకెవరిదో ఫోను విప్పి, స్క్రూలన్నీ ఏ వరసలో తీసిందో ఆ వరసలోనే గుడ్డ మీద పేర్చుకుని ఉంది. తలెత్తి, "చూసిండ్రా?" అని మాత్రం అడిగింది. తల్లి, "చూసిండ్రు, మందు మార్చిండ్రు" అన్నది. ఆమె తల ఊపి, కళ్ళద్దాలు దించుకుని మళ్ళీ పనిలో పడింది. ఇంకొకరైతే ఊరంతా చెప్పుకునేది.

ఏడాది దాటింది. బిళ్ళ మరిచిపోయిన రోజు ఒక్కసారి వచ్చింది, అంతే. ఎదురింటామె ఇప్పుడు గడియారం చూసి బిళ్ళ ఇస్తుంది. నేను ఈ ఏడు కూడా తలంబ్రాలు తెచ్చి పిల్ల నెత్తిన వేశాను. బిళ్ళా ఉండాలి, తలంబ్రాలూ ఉండాలి. నవమికి ముందు రోజు ఫోను మళ్ళీ జాగా లేదన్నది. ఈసారి నిరుటి కల్యాణం తీసేశాను. ఆ తువ్వాలు ఎన్నిసార్లు చూస్తాం, రాముడు ఏమీ అనుకోడు. ఇప్పపువ్వు వీడియో జోలికి మాత్రం పోలేదు.

మొన్న పువ్వు ఎండబోసిన రోజు పిల్ల మళ్ళీ అడిగింది, అమ్మమ్మా, నన్ను తియ్యి అని. తల్లి ఎక్కడుందో ఒకసారి చూసుకుని, తీశాను. అదే చాప, అదే చోటు. రెండు చేతులా ఏరుతున్నది. ఒక పువ్వు తీసి నాకు చూపించింది, ఎడమచేత్తోనే, నేను చూస్తూనే ఉన్నాను, ఆ వేళ్ళు ఎంత నిలకడగా—

"అమ్మమ్మా, చింతచిగురు పప్పు సల్లారుతంది. అమ్మ పిలుస్తంది, జల్ది రా."

వస్తున్నానే, వస్తున్నా. విన్నావుగా, ఆ పిల్లే. నువ్వు అక్కడ గీత పెట్టుకో, ఆ పువ్వు ఇట్లా పట్టుకుని ఆ పిల్ల నాతో ఏమన్నదంటే—